అడ్డగీత ఇళ్లు

భరణి కార్తె, మొదటి రోజు

పెట్టె పని మొదలైన నాటి నుంచి అది కుదురుకునే దాకా, జరిగింది జరిగినట్టు ఒక పుస్తకంలో రాయాలని సమాఖ్య వాళ్ల షరతు. అందుకని రాస్తున్నాను.

పెట్టె తెల్లవారుజామున సరుకుల బండిలో వచ్చింది. బియ్యం డబ్బా అంత ఉంది. మనకేం కావాలో చెబితే ప్రోగ్రాం అదే రాసుకుంటుంది. కాగితంలో దాని పేరు ‘ఖాతాదారుల సంబంధాల నిర్వహణ’. పలకలు మోసేవాళ్లు షెడ్డులో ఆ పేరు చదివి నవ్వారు.

“సంబంధాలు చూసే పెట్టెంట అక్కా. మా బావమరిదికి ముప్పై నాలుగు దాటినయ్. ఒక పిల్లని చూడమను,” అన్నాడు ఏసోబు.

“మీ బావమరిది ఫోటో చూపించబాకు. ఉన్న పెట్టె కాస్తా ఆగిపోద్ది,” అన్నాడు మస్తానయ్య.

మా చలవ సంఘంలో ఆరువందల ముప్పై ఎనిమిది ఇళ్లున్నాయి. గదికొకటి చొప్పున నాలుగు రోజులకోసారి గదిని చల్లబరిచే చలవ పలక ఇస్తాం. భరణి నుంచి మృగశిర దాకా పలక లేని గదిలో పగలు ఉండలేం. ఉదయం ఎనిమిది గంటలకు ఎండ కూత పడ్డాక బయట ఎలాగూ ఉండలేం. ఎవరికి ఎన్ని గదులు, ఏ ఇంట్లో పసిబిడ్డ ఉంది, ఎవరు ఊరు విడిచారు అన్నది ఎక్కడా రాసి లేదు. మోసేవాళ్ల తలల్లో ఉంది. అందరికంటే ఎక్కువ మా మామయ్య మాలకొండయ్య తలలో ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు మోశాడు.

ఇవాళ ఆయన్ని పని నుంచి దింపారు. సెక్రటరీ తిరుపాలు గారు శాలువా కప్పి, పలక తెచ్చామని తలుపు ముందు ఊదే ఈల అడిగారు. మామయ్య మెడలోంచి ఈల తీసి, చొక్కాకు తుడిచి ఇచ్చాడు.

మేముండే క్వార్టరు ఆయన పనిని బట్టి వచ్చింది. ఇకమీదట నా పనిని బట్టి ఉంటుంది. రోహిణి ముగిసేలోగా పెట్టె సవ్యంగా నడిస్తే నన్ను ఖాయం చేస్తారు. లేకపోతే క్వార్టరు ఖాళీ చేసి సమాఖ్య రేకుల షెడ్లకు పోవాలి. అక్కడ పలకలు ఇవ్వరు. అరవై ఎనిమిదేళ్ల మనిషి అక్కడ ఒక రోహిణి దాటడు.

నా భర్త రవణయ్య పలకలు చల్లబరిచే ప్లాంటు ప్రమాదంలో పోయి ఆరేళ్లు. ఇంట్లో మామయ్యా నేనూ. మా వైపు కోడలు మామగారి గదిలోకి పోదు, ఎదురుగా నిలబడి ప్రశ్నలు వేయదు. అన్నం గడప దగ్గర పెడతాను. ఆయన తీసుకుంటాడు. గిన్నెలు కడిగి అక్కడే పెడతాడు.

భరణి, మూడో రోజు

పెట్టె మొదటి ప్రశ్న: “మీ ఖాతాదారు ఎవరు? ఇల్లా, మనిషా?”

చాలాసేపు ఆలోచించాను. మనుషులు వస్తారు, పోతారు. ఇల్లు ఉంటుంది. ఇల్లు అని చెప్పాను. మంచిదంది.

తర్వాత గడులు పెట్టుకున్నాం. పేరు, గదులు, పసిపిల్లలు, చివరి పలక ఇచ్చిన రోజు. ఫిర్యాదుల గడి కూడా ఉండాలంది. ఇక్కడ ఎవరూ ఫిర్యాదు చెయ్యరు, పలక రాకపోతే తలుపు తీసి కూర్చుంటారు, మోసేవాడికి అర్థమవుతుంది అని చెప్పాను. అయినా గడి ఉండాలంది. పెట్టాను.

“ఖాతా ఏ కారణాలతో మూయవచ్చు?” అని అడిగింది. మూడు చెప్పాను. ఊరు మారారు. వేరే సంఘంలో చేరారు. ఇల్లు మూసి ఉంది.

పరీక్షకు ఒక ఖాతా కావాలి. మా ఇంటిదే పెట్టాను. ఖాతా ఒకటి, మాలకొండయ్య, గదులు రెండు. దాన్ని మూసి, తెరిచి, మళ్లీ మూసి చూశాను. పదకొండు సార్లు. ప్రతిసారీ “నిజంగానే మూయమంటారా?” అని అడుగుతుంది. ప్రతిసారీ అవును నొక్కాను. ప్రతిసారీ సరిగ్గానే తెరుచుకుంది.

భరణి, ఏడో రోజు

పాత లెక్కంతా తలుపు చట్రాల మీద ఉంది. పలక ఇచ్చినప్పుడల్లా మోసేవాడు సున్నపుకాయ తీసి చట్రం మీద ఒక చుక్క పెడతాడు. ఉగాదికి కడిగేసి మళ్లీ మొదలుపెడతారు. వారం రోజులుగా ఏసోబు బండి మీద తిరుగుతూ చుక్కలు చూసి రాసుకుంటున్నాను.

ఇవాళ మామయ్య తిరిగిన వైపు వెళ్లాం. ఉత్తరాన సన్నరాళ్ల గరపనేల వాలు, డెబ్బై ఒక్క ఇళ్లు. వాటిలో పదకొండింటికి చుక్కలు లేవు. చట్రం మీద ఒకే ఒక అడ్డగీత ఉంది. మొదటి మూడూ దిగి చూశాను. తాళాలు తుప్పుపట్టి ఉన్నాయి. తలుపు దాకా దిగే మెట్ల గుంతలో సగం దాకా ఇసుక. అడ్డగీత అంటే మూసిన ఇల్లని రాసుకున్నాను.

మిగతా ఎనిమిదీ వాలు దాటాక, దూరదూరంగా ఉన్నాయి. బండి మీద నుంచే చూశాను. గీత కనిపించింది. తలుపులు వేసి ఉన్నాయి. బయట ఆరేసిన గుడ్డ కూడా లేదు. అంతలో ఎనిమిదింటికి ముందు హెచ్చరికగా వేసే మొదటి కూత పడింది.

“దిగుతావా అక్కా, రేపొద్దామా?” అన్నాడు ఏసోబు.

వివరాలన్నీ రేపటికి ఎక్కించాలని సెక్రటరీ గారు చెప్పి ఉన్నారు. దిగలేదు. షెడ్డుకొచ్చి బల్ల దగ్గర కూర్చుని పదకొండు ఇళ్లకూ ‘ఇల్లు మూసి ఉంది’ అని ఎక్కించాను.

మామయ్యను ఒక మాట అడుగుదామనుకున్నాను. అన్నం పెట్టి గడప దగ్గర నిలబడ్డాను. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెయ్యి ఛాతీ మీద ఈల ఉండే చోట తడుముకుంటోంది. అడగకుండా వచ్చేశాను.

కృత్తిక, రెండో రోజు

ఇవాళ పెట్టె ఊళ్లోకి దిగింది. ప్రతి తలుపుకూ మీట బిగించాం. పలక కావలసిన వాళ్లు ముందు రోజు నొక్కాలి. సాయంత్రం పెట్టె అడుగుతుంది, చల్లగా ఉందా అని. ఒకటి నుంచి అయిదు దాకా నొక్కాలి, బాగా చల్లగా ఉంటే అయిదు. మోసేవాళ్లకు ఇవాళ్టి ఇళ్ల వరుస చేతి తెర మీద వస్తుంది. ఈలలు అక్కర్లేదు. చుక్కలు అక్కర్లేదు. చట్రాలు కడిగించాం.

వీరరాఘవమ్మ ఇంటికి తొమ్మిది పలకలు కావాలని తెర మీద పడింది. పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఆమె ఇంకా మీట నొక్కుతూనే ఉంది.

“ఒక్కసారి నొక్కితే చాలు పెద్దమ్మా.”

“ఒక్కసారికే ఇంటదని నాకేం తెలుసు? మా ఆయన్ని తొమ్మిదిసార్లు పిలిస్తేగానీ ఊఁ అనడు.”

సెక్రటరీ గారు చాన్నాళ్లకు నవ్వారు. ఆరువందల ఇరవై ఏడు ఇళ్లు మీట నొక్కాయి. ఒక్కటీ తప్పలేదు.

కృత్తిక, తొమ్మిదో రోజు

షెడ్డులో రోజుకు రెండు పలకలు తక్కువ వస్తున్నాయి. ఇవాళ వారమైంది. ఒకటి కాదు, మూడు కాదు, ప్రతిరోజూ రెండే. మోసేవాళ్లను అడిగితే కోపం తెచ్చుకున్నారు. “ఇరవై ఏళ్లలో అడగని మాట,” అన్నాడు మస్తానయ్య.

పేరు లేకుండా పలక బయటికి పోకుండా షెడ్డుకు తాళం పెట్టమంటారా అని పెట్టె అడిగింది. పెట్టమన్నాను. తాళం సమాఖ్య నుంచి రావాలి.

మామయ్య నేను లేవక ముందే నడకకు పోతున్నాడు. కాళ్లు పట్టేస్తున్నాయట. కూతకు ముందు వస్తాడు. ఇవాళ నీళ్లు పోసుకుని వస్తుంటే చూశాను. కుడి భుజం మీద చర్మం లేచి ఎర్రగా ఉంది. కొబ్బరినూనె గిన్నె గడప దగ్గర పెట్టాను.

రోహిణి, రెండో రోజు

రోహిణిలో రోళ్లు పగులుతాయని సామెత. మధ్యాహ్నం ప్లాంటు గోడ పగిలింది. చిన్న పగులే. సిమెంటు పూశారు.

తాళం వచ్చింది. తెల్లవారుజామున నేనూ సెక్రటరీ గారూ షెడ్డులో ఉండి బిగించాం. ఏసోబును తలుపు దగ్గర పెట్టాం. కాసేపటికి మామయ్య వచ్చాడు. వెనక పాత కావళ్లు పడేసిన మూల నుంచి వచ్చాడు.

“ఎవరి పేరున కావాలి పెద్దాయనా? పేరు చెబితేనే తెరుచుకుంటది,” అన్నాడు ఏసోబు.

మామయ్య తాళం వంక చూశాడు. బల్ల దగ్గరున్న నా వంక చూశాడు. నా పక్కన సెక్రటరీ గారిని చూశాడు.

“ఏం లేదులే. ఊరికే, చూసిపోదామని.”

“ముప్పై ఒక్క ఏళ్లు మోసినా తనివి తీరలేదే మాలకొండయ్యకు!” అని సెక్రటరీ గారు నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు. వెళ్లిపోయాడు.

ఇవాళ లెక్క సరిపోయింది.

రోహిణి, నాలుగో రోజు

నలభై తొమ్మిది డిగ్రీలు. కూత ఏడింటికే వేస్తున్నారు.

మామయ్య గది తలుపు పగలంతా వేసే ఉంటోంది. తలుపు మీద తడి పంచె ఆరేసి ఉంది. కుండ రెండుసార్లు ఖాళీ అయింది. గడప ఇవతల నుంచి అడిగాను.

“పలక చల్లగానే ఉందా మామయ్యా?”

“మంచుగడ్డ లాగుంది.”

సాయంత్రం పెట్టె అడిగితే ఆయనే లేచొచ్చి మీట నొక్కాడు. అయిదు.

రోహిణి, ఆరో రోజు

సమాఖ్య నుంచి తనిఖీ అధికారి వచ్చింది. విమలకుమారి అని, మెత్తగా మాట్లాడే మనిషి. తెర చూసింది. సంతృప్తి సగటున నాలుగున్నర. ఫిర్యాదులు సున్నా.

“మొదటి ఏడాదే ఇలా రావడం నేను చూడలేదు చెంచమ్మగారూ. మీకు బాగా తెలిసిన ఊరు కదా, అందుకని,” అంది.

నన్ను ఖాయం చేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టింది.

సాయంత్రం ఆ కాగితం అన్నంతో పాటు గడప దగ్గర పెట్టాను. మామయ్య కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మనిషి చిక్కాడు. పెదవులు పగిలి ఉన్నాయి.

“క్వార్టరు?”

“మనదే మామయ్యా.”

“ఇంక తియ్యరుగా?”

“తియ్యరు.”

కాగితం మడిచి నాకిచ్చి, అన్నం తిన్నాడు. మజ్జిగ రెండోసారి అడిగాడు. ఆయన అడిగి పోయించుకోవడం నేనెరగను. పోశాను.

“అమ్మాయ్, నీ పెట్టెలో మూసిన ఇల్లు మళ్లీ తెరవొచ్చా?”

“తెరవొచ్చు మామయ్యా. పరీక్ష చేసి చూశాను.”

“ఎవరికీ చెప్పకుండా?”

నాకు అర్థం కాలేదు. “తెరవొచ్చు,” అన్నాను.

“అయితే రేపు తెల్లారేసరికి నాతో వాలు దాకా రా. బండొద్దు. నడిచి పోదాం.”

ఆరేళ్లలో మేం మాట్లాడుకున్న పొడుగైన మాటలు ఇవే.

రోహిణి, ఏడో రోజు

నాలుగింటికి తయారై గడప దగ్గర నిలబడ్డాను. పిలిచాను. మళ్లీ పిలిచాను. తలుపు తోసి లోపలికి వెళ్లాను. ఈ ఇంటికి వచ్చి పదమూడేళ్లు, ఆ గదిలోకి పోవడం అదే మొదలు.

గది పొయ్యి లోపల ఉన్నట్టుంది. మామయ్య నేల మీద తడిగుడ్డ పరుచుకుని పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. గుడ్డ ఎండిపోయింది. ఒళ్లు గది అంత వేడిగానే ఉంది, అందుకని పోయాడని వెంటనే తెలియలేదు.

పలక పెట్టే పీట ఖాళీగా ఉంది. దాని మీద దుమ్ము.

పీట వెనక గోడకు సున్నంతో ఎనిమిది అడ్డగీతలు ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. ప్రతి గీత పక్కన చుక్కలు. కృత్తిక రెండో రోజు నుంచి రోజుకు రెండు చుక్కలు. ఒక ఇంటికి నాలుగు రోజులకోసారి. రోహిణి మొదటి రోజు దాకా అలా వచ్చాయి. ఆ తర్వాత రెండే రెండు చుక్కలున్నాయి, రెండూ మొదటి గీత పక్కనే.

కృత్తిక తొమ్మిదో రోజు పేజీ తిప్పి చూశాను. భుజం సంగతి అందులో నేనే రాశాను. రోజుకు రెండన్న సంగతి కూడా అదే పేజీలో ఉంది.

మస్తానయ్య వాళ్లావిడ షేకమ్మను పిలిచి మామయ్య దగ్గర కూర్చోబెట్టాను. ఏసోబును బండి కట్టమన్నాను.

“మైల ఇంట్లో ఉండి ఒకరి గడపకు పోగూడదక్కా,” అన్నాడు.

“తెలుసు. బండి కట్టు.”

షెడ్డు దగ్గర తాళం ఎవరి పేరున అని అడిగింది. ఖాతా ఒకటి అన్నాను. ఆ ఖాతాకు రెండు గదులే ఉన్నాయి, ఎనిమిది పలకలు నిజంగానే ఇవ్వమంటారా అంది. అవును నొక్కాను.

మొదటి ఇంటి ముందు దిగి, అలవాటు కొద్దీ “ఎవరండీ లోపల” అని కేక వేశాను. లోపల గిన్నెలు పడ్డాయి. ఎవరో మూలిగారు, గొడ్డు మూలిగినట్టు. ఇంటి వెనక నుంచి ఒకామె పరుగున వచ్చింది.

“ఎవరు కేకేసింది? ఏం మనుషులు మీరు? ఆయన ఎన్నడన్నా పిలిచాడా?”

ఆమె పేరు దానమ్మ. లోపలున్నది తమ్ముడు. ప్లాంటు ప్రమాదంలో బయటపడ్డ ఇద్దరిలో ఒకడు. బయటి గొంతు వినిపించినా, ఈల వినిపించినా మంచం కిందికి దూరి రోజంతా రాడు. రవణయ్య పక్కన నిలబడి పనిచేసిన మనిషి. ఇక్కడ ఉన్నాడని నాకు ఆరేళ్లుగా తెలియదు. మామయ్యకు తెలుసు.

“ముందు వైపు రాడు ఆయన. వెనక కిటికీలో పలక పెట్టి, పాతది తీసుకుని పోతాడు. మాటుండదు. గీత పెట్టుకుంది అందుకే. మర్చిపోయి ఎవరన్నా పిలుస్తారని.”

కిటికీలోంచి పాత పలక తీసిచ్చింది. దాని మీద మా షెడ్డు చీటీ ఉంది. ఖాతా ఒకటి. రెండో గది.

“ఇది మొన్నటిది. ఇంకా కాస్త చలవ ఉంది,” అంది. “ఆయనకి చెప్పు. నిన్న మావాడు రెండు ముద్దలు తిన్నాడని. రాత్రి నిద్ర కూడా పోయాడని.”

చెప్తానన్నాను.

మిగతా ఇళ్ల ముందు నోరు తెరవలేదు. వెనక కిటికీల్లో పెట్టుకుంటూ పోయాం. ఒక ఇంట్లో పాత సెక్రటరీతో గొడవపడి, చచ్చినా సంఘాన్ని పలక అడగనని ఒట్టేసుకున్న ముసలాయన. అడగడు, పెట్టిపోతే చూడనట్టు ఉంటాడట. ఒక ఇంట్లో మొగుడి నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయి. ఎవరు పిలిచినా తలుపు తీయదు. ఇంకో నాలుగిళ్లలో ఎందుకో నాకు తెలియదు. కిటికీ తెరుచుకునేది, చెయ్యి వచ్చేది, పాత పలక ఇచ్చేది. పాతవన్నీ రాళ్లలా వేడిగా ఉన్నాయి. ఏడిళ్లలోనూ మనుషులు ఉన్నారు. ఇంకో రెండు రోజులైతే ఉండేవాళ్లు కాదని ఏసోబు అన్నాడు.

ఎనిమిదో ఇంటి తలుపు తెరిచి ఉంది. లోపల కుండ బోర్లించి ఉంది. చాప చుట్టి గోడకు ఆనించి ఉంది. మనుషులు లేరు. బయట గరపలో అడుగులు కూడా నిలవవు. అది ఎవరి ఇల్లో ఏసోబుకు తెలియదు. నాకూ తెలియదు. తెలిసిన మనిషి ఇంట్లో పడుకుని ఉన్నాడు.

కూత పడుతుండగా ఇంటికి చేరాం. కూత పడితే పాడె లేవదు, సాయంత్రం దాకా ఉంచాలి. అందుకని ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లు ఒక్కొక్కరు తమ పలకలు తెచ్చి మామయ్య చుట్టూ పేర్చారు. వీరరాఘవమ్మ తన మంచం పక్కది తెచ్చింది. ఎవరూ ఎవరినీ అడగలేదు. లెక్కపెట్టాను. పద్నాలుగు.

ఆ గదిలో సాయంత్రం దాకా చలిపెట్టింది. షేకమ్మ కొంగు కప్పుకుని కూర్చుంది.

మృగశిర, మొదటి రోజు

ఉదయం నాలుగు చినుకులు పడ్డాయి. వాసన వచ్చింది గానీ నేల తడవలేదు.

సెక్రటరీ గారికి అంతా చెప్పాను. ఆయన తెర ఆపి నా వైపు తిరిగారు.

“ఆ రోజు షెడ్డులో ఒక్క మాట అని ఉంటే ఏం పోయేది మనిషికి? ఫలానా ఇంటికని చెబితే నేనివ్వనా?”

“మీ ముందు చెబితే నేను తప్పు చేశానని చెప్పినట్టు అవుతుంది సార్. అప్పటికి నన్ను ఖాయం చెయ్యలేదు.”

“నువ్వన్నా అడగాల్సింది,” అన్నారు.

“అవును సార్.”

“సమాఖ్య వాళ్లు చదివేది నీ పుస్తకమే చెంచమ్మా. ఆ ఎనిమిదిళ్ల సంగతి అందులో లేకపోతే ఎవరికీ నష్టం లేదు. ఉంటే క్వార్టరు మళ్లీ మొదటికొస్తుంది. చూసుకో.”

చూసుకున్నాను. రాశాను. ఏమవుతుందో తెలియదు.

ఈ వారమంతా ఖాతా ఒకటి పేరునే ఆ ఇళ్లకు పలకలు పెట్టొచ్చాం. మధ్యాహ్నం పెట్టె ముందు కూర్చుని ఏడు ఇళ్లు తెరిచాను. ఎనిమిదోది కూడా తెరిచాను. వాళ్లు తిరిగి వస్తే పలక ఉండాలి. కొత్త గడి ఒకటి కావాలన్నాను. పేరేమిటంది. ‘పిలవొద్దు’ అని చెప్పాను.

“ఈ ఖాతాదారులు మీట నొక్కరు. వారికి పలక అవసరమని ఎలా తెలుస్తుంది?”

“పోయి చూడాలి.”

“ఎవరు?”

నా పేరు చెప్పాను. రోజుకు రెండు ఇళ్లు. ఏసోబు మూలనున్న కావడి తెచ్చి ఇచ్చాడు. బద్ద మామయ్య భుజం ఆనే చోట నున్నగా అరిగి ఉంది. ఆయన నాకంటే పొడుగు. తాళ్లు రెండు జానలు కుదించుకున్నాను.

లేవబోతుంటే పెట్టె ఇంకో మాట అడిగింది. ఒకటో ఖాతా వారం రోజులుగా మీట నొక్కలేదట. మూయమంటారా అంది. కారణాలు మూడూ తెర మీద చూపించింది. ఊరు మారారు. వేరే సంఘంలో చేరారు. ఇల్లు మూసి ఉంది.

మూడూ నేను చెప్పినవే. ఏదీ సరిపోదు.

ఖాతాదారు ఇల్లా, మనిషా అని అడిగితే ఇల్లని చెప్పింది కూడా నేనే. ఇల్లు ఉంది. ముందు గదిలో నేనున్నాను. మూయడానికి కారణం లేదు. మూయొద్దన్నాను.

గదులు రెండు అని ఉన్నచోట ఒకటి అని మార్చాను.

“నిజంగానే మార్చమంటారా?” అని అడిగింది.

అవును నొక్కాను.